పద్నాలుగు పాయింట్ల లెక్క

మా నారాయణఖేడ్‌లో పన్ను నొప్పికి చాలా భాషలు వచ్చు. తెలుగువాళ్లు ‘పన్ను నొస్తున్నది’ అంటారు. కన్నడవాళ్లు ‘హల్లు నోవు’ అంటారు. మరాఠీలో ‘దాత్ దుఖతో’, ఉర్దూలో ‘దాంత్ మే దర్ద్’. 1956 దాకా మా తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ తర్వాత మెదక్‌లో కలిసింది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అందుకే ఒక్క గల్లీలోనే ఇన్ని భాషలు. అయితే ఎవరు ఏ భాషలో మూలిగినా, డాక్టర్ ముందు కూర్చున్నాక చెప్పే మాట మాత్రం ఒకటే: “పీకెయ్యి సాబ్, పీడ పోతది!”

ఆ ఒక్క మాట మీద దాదాపు నలభై ఏళ్లు కొట్లాడిన పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. ఊరంతా ‘మిల్ట్రీ డాక్టర్’ అనేది. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేనైతే చూడలేదు. చదివింది హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో. 1959లో మొదలైన ఆ కాలేజీ తొలినాళ్ల విద్యార్థుల్లో ఆయనా ఒకరు. చదువు కాగానే సైన్యంలో చేరారు. మన సైన్యానికి 1941 నుంచే ఆర్మీ డెంటల్ కోర్ అని పళ్ల డాక్టర్ల విభాగం ఒకటి ఉంది.

“లడాయిల పండ్ల డాక్టర్‌కు ఏం పని సాబ్?” అని మా తాత ఓసారి అడిగాడు. 1971 యుద్ధం గురించి మామూలుగా నోరు విప్పని మనిషి ఆ రోజు కాస్త చెప్పారు. తూటా దెబ్బకు దవడ విరిగితే, పై పళ్లకూ కింది పళ్లకూ సన్నటి తీగ చుట్టి రెండు దవడలనూ కలిపి బిగిస్తారట. ఎముక అతికేదాకా కొన్ని వారాలు జావ, పాలు, పప్పుకట్టే తిండి. “పందిరికి గుంజలెట్లనో, విరిగిన దవడకు పండ్లట్ల. పండ్లే లేనోనికి తీగ దేనికి కట్టాలె?” అన్నారు. అదే తీగను ఖేడ్‌లో ఎద్దు కొమ్ము తగిలినవాళ్లకూ, బండి మీంచి పడ్డవాళ్లకూ కట్టారు.

ఆయన దవాఖానా అంటే రేకుల కప్పు వేసిన రెండు గదులు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని రోజుల్లో కుట్టుమిషన్‌లా కాలితో తొక్కే డ్రిల్లు ఉండేది. గదంతా లవంగ నూనె వాసన. రాత్రి నొప్పికి ఇంట్లో దవడన పెట్టుకున్న లవంగం వాసనే పొద్దున డాక్టర్ దగ్గరా వచ్చేది. జింక్ ఆక్సైడ్ పొడిని లవంగ నూనెతో కలిపి గుంతలో పెడితే తాత్కాలికంగా పన్ను సల్లబడుతుంది. “మీ అవ్వ వైద్యమే, నేను జర పొడి కలిపిన” అని నవ్వేవారు.

పీకుడు మీద ఆయనకెందుకంత కోపమో నాకు మా మేనబావ పన్నుతో అర్థమైంది. బావకు పద్దెనిమిదేళ్లప్పుడు ఫౌజులో చేరాలని పిచ్చి. అప్పటికే కింది దవడ పళ్లు రెండు, కుడివైపు ఒకటీ ఎడమవైపు ఒకటీ, ఎక్కడో పీకించుకొని వచ్చాడు. ఇప్పుడు మూడోది సలుపుతోంది. అత్తమ్మ “తీసెయ్యి సాబ్” అంది. డాక్టర్ కాగితం తీసి లెక్క రాశారు.

సైన్యంలో పళ్లకూ మార్కులుంటాయి. ముందు పళ్లు, కోరపళ్లు, చిన్న దవడ పళ్లకు ఒక్కో పాయింటు, పెద్ద దవడ పళ్లకు రెండేసి. జ్ఞానదంతాలతో సహా ముప్పై రెండూ ఉంటే మొత్తం 22, జ్ఞానదంతాలు సరిగా ఎదగకపోతే 20. తీసుకోవాలంటే కనీసం 14 ఉండాలి. అసలు కిటుకు ఏమిటంటే, పన్ను ఒంటరిగా ఉంటే లెక్కలోకి రాదు. దానికి ఎదురుగా అవతలి దవడలో జత పన్ను ఉండాలి. కింది పన్ను పీకితే, పైన గట్టిగా ఉన్న పన్ను కూడా సున్నా అయిపోతుంది. బావకు జ్ఞానదంతాలు ఇంకా రాలేదు కాబట్టి 18తో మొదలు. రెండు జతలు పోయి సరిగ్గా 14. మూడోది పీకితే 12.

“ఇది ఫౌజు లెక్కనే కాదమ్మా, రొట్టె లెక్క గూడ. మీది రాయి లేకుంటే కింది రాయి ఏం ఇసురుతది?” అన్నారు అత్తమ్మతో.

నాలుగుసార్లు తిప్పించుకొని రూట్ కెనాల్ చేశారు. పంటి వేర్ల లోపల కుళ్లిన నరం తీసి, సన్నటి సూదులతో కాలువలు శుభ్రం చేసి, గట్టాపర్చా అనే చెట్టుపాల పదార్థంతో నింపడమే ఆ పని. డబ్బు జొన్నలు అమ్మినంక ఇయ్యమన్నారు. బావ పరుగు పందెంలో వెనకబడి సెలెక్ట్ కాలేదు, అది వేరే సంగతి. ఆ పన్ను మాత్రం ఇవాళ్టికీ ఉంది, బొక్కలు కొరుకుతోంది.

సైన్యంలో నొప్పి వచ్చినా రాకున్నా ఏడాదికోసారి ప్రతి జవాను నోరూ చూస్తారు. ఆ అలవాటును ఆయన ఊరికి తెచ్చారు. పేషెంటు వెంట వచ్చినవాళ్లు కూడా నోరు తెరవాల్సిందే. ఇంటిపేర్లవారీగా రిజిస్టరు ఉండేది. ఒకే పేజీలో తాత చిగుళ్లు, కొడుకు పిప్పిపన్ను, మనవరాలి పాలపళ్లు. చిగుళ్లు పదేపదే వాస్తున్నాయంటే “ముందు షుగర్ పరీక్ష చేయించుకో పటేలా” అని పంపేవారు.

మా నాయనమ్మ ఒకసారి నా పాలపన్ను కోసం నన్ను తీసుకెళ్లింది. ఆమె కాల్చిన పొగాకు పొడితో పళ్లు తోమేది, పగలంతా బుగ్గన తంబాకు సున్నం. “నాకేం నొప్పి లేదు కొడుకా” అంటున్నా వినకుండా నోరు తెరిపించారు. పొగాకు పెట్టేచోటే బుగ్గ లోపల తెల్లటి మచ్చ. ఆయన నవ్వడం ఆపేశారు. వారంలోనే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లమని చీటీ రాశారు. ముక్క తీసి పరీక్ష చేశారు, అది అప్పటికింకా క్యాన్సర్‌గా మారలేదు. నొప్పి వచ్చాక పోయివుంటే కథ వేరేలా ఉండేది. నాయనమ్మ తంబాకు మానడానికి ఏడాది పట్టింది, ఇంట్లో రోజూ పంచాయితీనే. ఆ తర్వాత ఆమె పదకొండేళ్లు బతికింది.

కట్టుడు పళ్లు పెట్టించుకున్న ముసలివాళ్లకు ఆయన పెట్టే పరీక్ష జొన్నరొట్టె. మెత్తని అన్నం ఎవరైనా తింటారు, రొట్టె తిని వచ్చి చెప్పాలి. ఎక్కడ ఒరుసుకుందో చూసి అరగదీసేవారు. ఆఖరి సంవత్సరాల్లో ఆయన పై వరుస కూడా కట్టుడే. ఆ మాట ఎవరైనా అంటే, “చిన్నప్పుడు నాకు నా అసొంటి డాక్టర్ దొరకలే” అనేవారు.

ఎనభై దాటాక, చేతులు వణుకుతున్నాయని ఆయనే దవాఖానా మూసేశారు. రెండేళ్లకు పోయారు. ఇప్పుడు ఖేడ్‌లో పళ్ల దవాఖానాలకు కొదవలేదు, కొత్త పిల్లలు మంచిగ చదువుకొని వచ్చారు. అప్పట్లో నాలుగుసార్లు తిరిగిన పని ఇప్పుడు చాలావరకు ఒకటి రెండు కూర్చోళ్లలో అయిపోతోంది. ఆయన మాదిరి వెంట వచ్చినవాళ్ల నోరు కూడా తెరిపించే తీరిక మాత్రం వాళ్లకు దొరకడం లేదు, అందుకు వాళ్లననీ లాభం లేదు. కాబట్టి ఆ పని మనమే అందుకోవాలి. ఈసారి పిల్లల పన్నుకని వెళ్లినప్పుడు, బయట బల్ల మీద కూర్చున్న నాయనమ్మను కూడా లోపలికి పిలవండి. “నాకేం నొప్పి లేదు బిడ్డా” అంటుంది. అన్నా సరే, ఒక్కసారి నోరు తెరవమనండి.