ఓడదొంగల్లో వడ్రంగి

‘కుశలుడు’ అనే మాట వినగానే క్షేమంగా ఉన్నవాడని మనకు తోస్తుంది. మన ఆలంకారికులు మాత్రం దాని పుట్టుక వేరుగా చెపుతారు. దర్భ అంచు కత్తి వంటిది. చెయ్యి తెగకుండా ఆ దర్భలు కోసి తేగలవాడు కుశలుడట! అల్లాగే వీణ బాగా వాయించేవాడు మొదట ప్రవీణుడు. దర్భతోనూ వీణతోనూ సంబంధం లేని పనుల్లో ఆరితేరిన వాళ్ళకు ఈ బిరుదులు తరువాత సంక్రమించాయి. ఏతావాతా తేలేదేమంటే, నేర్పు అనేది చేతివేళ్ళ దగ్గర పుట్టింది గాని సర్టిఫికెట్టు దగ్గర కాదు.

ఎం.ఏ. తెలుగులో చదువుకున్న ఈ సంగతి నాకు ఓడదొంగల మధ్య అక్కరకు వచ్చింది.

ఓడదొంగలంటే కంగారు పడకండి. ప్రతి ఆదివారం సాయంత్రం మా వసారాలో చేరే అయిదుగురు పిల్లలే వాళ్ళు. అందులో ఒకడు మా మేనల్లుడు. మెడిసిన్ సీటు కోసం ఒకసారి పరీక్ష రాశాడు, రాలేదు. రెండోసారి రాయడానికి మా ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. నెమ్మదస్థుడు. ఏ పని చెప్పినా, “నాకు రాదు మామయ్యా” అనడం అలవాటు చేసుకున్నాడు. ఆ మాట ఒకటి మాత్రం వాడికి బాగా వచ్చు!

వాళ్ళాడే ఆటకు కాయలు లేవు, గళ్ళు లేవు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్ళు అందులో ఒక్కొక్క పాత్ర. అడుగడుగునా “ఇప్పుడేం చేస్తావు?” అన్న ప్రశ్న వస్తుంది. చెప్పిన పని నెరవేరిందీ లేనిదీ 20 ముఖాల పాచిక తేలుస్తుంది. ఇలాంటి ఆటలకు పెద్దన్న డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికాలో 1974లో దాన్ని వెలువరించారు. మా పిల్లలు దాని 2014 నాటి నిబంధనలు పెట్టుకుని ఓడదొంగల కథ ఆడుతున్నారు.

ప్రతివాడికీ జాతకచక్రం లాంటి కాగితం ఒకటుంటుంది. అందులో 18 నేర్పుల పట్టిక. ఈత, చెట్టెక్కడం వంటి దేహబలం పనులు, పసిగట్టడం, నచ్చజెప్పడం, వైద్యం ఇత్యాదులు. ఇవికాక పనిముట్ల మీద ప్రావీణ్యం వేరే. నావికుడి పరికరాలు, వడ్రంగి సామాను, పడవ నడపడం. అన్నీ నాకే కావాలంటే కుదరదు. నాలుగైదింటికి గుర్తు పెట్టుకుని, తక్కినవాటికి పక్కవాడి మీద ఆధారపడవలసిందే.

ప్రావీణ్యం ఉంటే ఎంత లాభమో లెక్క చూశాను. ఆరంభంలో పాచిక మీద 2 కలుస్తుంది. ఓ మోస్తరు కష్టమైన పనికి 15 రావాలి. ఏమీ రానివాడికి నూటికి 30 పాళ్ళు అవకాశం. ప్రావీణ్యం ఉన్నవాడికి 40 పాళ్ళు. ఎన్నో సాహసాలు చేసి పైమెట్టుకు చేరినా కలిసేది 6 మాత్రమే. అప్పుడు కూడా 60 పాళ్ళే! ఎంత నేర్చినవాడికైనా పాచిక తప్పుతుందని ఆ నిబంధన ముందే ఒప్పుకుంటోందన్నమాట.

మా వాళ్ళలో ఇద్దరు కత్తిసాము తీసుకున్నారు. ఇంకొకడు తుపాకి. మా మేనల్లుడు మాత్రం వడ్రంగి సామానుకు గుర్తు పెట్టుకుని ఊరుకున్నాడు. “ఓడదొంగల్లో వడ్రంగి ఏమిట్రా!” అని స్నేహితులు నవ్వారు.

అసలు చరిత్ర చూస్తే నవ్వవలసింది ఏమీ లేదు. వెచ్చని సముద్రాల్లో కొయ్య ఓడ అడుగును పురుగు తొలిచేస్తుంది. నాచూ గుల్లలూ పట్టి వేగం తగ్గిపోతుంది. అప్పుడప్పుడు ఏదో ఒక మారుమూల ఒడ్డున ఓడను ఒరగబెట్టి, గీకి, పలకలు మార్చి, సందుల్లో తారు పట్టించిన నార కూరాలి. అందుకే పట్టుబడిన ఓడల నుంచి వడ్రంగులనూ వైద్యులనూ బలవంతంగా లాక్కుపోయేవారు. బ్లాక్‌బియర్డ్ అంతటివాడు 1718లో అమెరికాలోని చార్లెస్టన్ రేవును దిగ్బంధం చేసి, ఊరివాళ్ళను ఏమడిగాడో తెలుసునా? ఒక పెట్టెడు మందులు!

దీనికి వ్యతిరేకంగా స్టీడ్ బానెట్ అని ఒకడుండేవాడు. బార్బడోస్ దీవిలో తోటలున్న సంపన్నుడు. 1717లో సొంత డబ్బుతో ఓడ సంపాదించి, కళాసీలకు జీతాలిచ్చి ఓడదొంగ అయ్యాడు. పాపం, సముద్రం సంగతి ఒక్కటీ తెలియదు. బ్లాక్‌బియర్డ్ తారసపడి వీడి ఓడ పెత్తనం తానే తీసుకున్నాడు. మరుసటి ఏడు చార్లెస్టన్‌లోనే బానెట్‌ను ఉరి తీశారు.

దొంగలు దొంగలే, దోపిడీలూ హత్యలూ చేసినవాళ్ళను మెచ్చుకోమని నేననను. పనివాడి విలువ మాత్రం వాళ్ళకు తెలుసు. బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడలోని కట్టుబాట్లు 1724లో అచ్చయ్యాయి. దోపిడి సొమ్ములో కెప్టెనుకు రెండు వాటాలు. ఫిరంగి చూసుకునేవాడికీ సరంగుకూ ఒకటిన్నర చొప్పున. అంతే తేడా! వాద్యగాళ్ళకు ఆదివారం సెలవు కూడా ఉంది. పిల్లలు నన్నూ ఆటలో చేర్చుకుని, తెలుగు మాస్టారు కనుక ఫిడేలు వాయించేవాడి పాత్ర ఇచ్చారు. ఆట ఆదివారమే కనుక నాకు పనిలేకుండా పోయింది. కూర్చుని చూశాను.

ఆ పూట కథలో తుపాను వచ్చింది. రాయి తగిలి ఓడకు చిల్లు పడింది. కత్తివీరులిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నీళ్ళను కత్తితో పొడవలేరు గదా! అందరూ మా వాడివైపు తిరిగారు. వాడు పాచిక వేశాడు. 4 పడింది.

“అయిపోయింది. నాకు రాదని చెప్పానుగా!” అన్నాడు వాడు.

కథ నడిపే అమ్మాయి తొణకలేదు. “పాచిక తప్పింది. నీ వడ్రంగం ఎక్కడికి పోయింది? కాగితం మీద గుర్తు అల్లాగే ఉంది చూడు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఇప్పుడేం చేస్తావు?”

వాడు కొంచెం సేపు ఊరుకున్నాడు. తరువాత మెల్లిగా, “పాత తెరచాపకు ఉన్నీ, నార కుట్టి, తాళ్ళతో బయటినుంచి ఓడ కిందికి లాగితే? నీటి ఒత్తిడికి అదే చిల్లుకు అంటుకుంటుంది” అన్నాడు. ఇది వాడి కల్పన కాదు. 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఆస్ట్రేలియా దగ్గర పగడపు దిబ్బకు తగిలినప్పుడు ఇల్లాగే కాపాడుకున్నారు. ఎప్పుడో చదివింది వాడికి గుర్తుంది. “తాళ్ళు పట్టడానికి మీరు రావాలిరా” అని స్నేహితులను పిలిచాడు. సాయం ఉంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చునట. 6, 13 పడ్డాయి. 13కు వాడి నేర్పూ తెలివీ కలిపి 17. ఓడ నిలిచింది. పిల్లలు చేసిన గోలకు మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకు వచ్చింది. వాడు మాత్రం తల వంచుకుని, కాగితంలో ‘పాత తెరచాప ఖర్చయింది’ అని రాసుకుంటున్నాడు.

నాకు విరాటపర్వం జ్ఞాపకం వచ్చింది. గాండీవం జమ్మిచెట్టు మీద ఉన్న ఆ ఏడాదంతా పాండవులకు అన్నం పెట్టినదేమిటి? ధర్మరాజు పాచికలు, భీముడి వంట, అర్జునుడి నాట్యం, నకులుడి గుర్రాలు, సహదేవుడి ఆవులు. రాజ్యం పోయినవాళ్ళు తమకు వచ్చిన పని చెప్పుకుని కొలువులో చేరారు. కాలం గడిచాక గాండీవం కిందికి దిగింది. దిగేదాకా బతికి ఉండాలి గదా!

మార్కుల కాగితం ఒకనాటి పాచికను మాత్రమే రాసి పెడుతుంది. ఆ పడిన అంకెనే పిల్లవాడి నేర్పు అనుకుని మనమూ బెంగపడతాం, వాడినీ బెంగపెడతాం.

అక్కయ్య ప్రతి బుధవారమూ ఫోను చేస్తుంది. “ఏరా, వీడు చదువుతున్నాడా? ఆ ఆటలేమిటి?” అంటుంది.

“చదువుతున్నాడే. ఆదివారం మూడు గంటలు మాత్రం ఓడ బాగు చేస్తున్నాడు” అన్నాను మొన్న.

“ఓడేమిట్రా, నీ మొహం! ఈసారైనా సీటు వస్తుందంటావా?”

వస్తుందని నేనెల్లా చెప్పగలను? చదివినందువల్ల అవకాశం పెరుగుతుంది. తక్కినది ఆ రోజు పడే పాచిక. ఒక్క సంగతి మాత్రం ఆమెకు చెప్పాను. పాచిక తప్పినవాడి కాగితంలో గుర్తు చెరిపెయ్యాలని ఆ ఓడదొంగల ఆటలో ఎక్కడా నిబంధన లేదు. మన ఇళ్ళలో మాత్రం ఎందుకుండాలి?