దాదా ఖత్‌లు

మొన్న జుమ్మా రాత్రి మావాడితో కలిసి 'అపోకలిప్టో' మళ్లీ చూశాను. మెల్ గిబ్సన్ 2006లో తీసిన సినిమా.

కథ చిన్నదే. మాయా లోకం. అడవిలో ఒక గూడెం. జాగ్వార్ పా అనే నౌజవాన్. ఒకరోజు ఫజర్ వేళకి నగరం నుంచి సాయుధులొచ్చి గూడెం తగలబెడతారు. అతని కళ్లముందే వాలిద్ గొంతు కోస్తారు. కడుపుతో ఉన్న బీవీని, చిన్న కొడుకుని అతను అప్పటికే లోతైన గోతిలో దించేశాడు. అతన్ని బలివ్వడానికి నగరానికి తోలుకుపోతారు. సూర్యగ్రహణం జాన్ కాపాడుతుంది. ఆ తర్వాత అంతా పరుగే. అక్కడ గోతిలో వాననీళ్లు పెరుగుతుంటే ఆమెకి కాన్పు. ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

ఖౌఫ్ ఒక బీమారీ, దాన్ని ఊళ్లోకి తేవద్దని వాలిద్ ముందే చెప్పి ఉంటాడు. నిజమే అనిపించింది.

జర్నలిస్టుని కదా, షికాయత్ కూడా ఉంది. సున్నా తెలిసినవాళ్లు, గ్రహణాలు లెక్కకట్టినవాళ్లు, సొంత లిపిలో కితాబులు రాసుకున్నవాళ్లు తెరమీద కనబడరు. తలలు నరికేవాళ్లే కనబడతారు. గ్వాటెమాలాలో మాయా కార్యకర్తలు అభ్యంతరం చెప్పారు కూడా. ఒక ఖౌమ్‌ని మొత్తంగా కత్తి పట్టిన చెయ్యిగా చూపిస్తే ఎట్లా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అయినా ఒక్కదానికి షుక్రియా చెప్పాలి. సినిమా అంతా యుకటెక్ మాయా జబాన్‌లోనే ఉంది.

"అబ్బా, ఈ జబాన్ ఇప్పుడెవరైనా మాట్లాడతారా?" అన్నాడు మావాడు.

"మాట్లాడతారు బేటా. మెక్సికోలో లక్షలమంది."

"మరి వాళ్ల కితాబులు?"

చెప్పాను. 1562లో మానీ అనే ఊళ్లో డియేగో డి లాండా అనే పాద్రీ వాటిని తగలబెట్టించాడు. పాత లిపిలో ఇవాళ మిగిలినవి నాలుగే. తమాషా ఏమిటంటే, ఆ పాద్రీ రాసిపెట్టుకున్న అక్షరాలనే ఆధారం చేసుకుని 1952లో సోవియట్ పండితుడు యూరీ క్నోరొజొవ్ ఆ లిపిని చదివే దారి చూపించాడు.

వాడు కాసేపు చుప్‌గా కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"మరి దాదా ఖత్‌లు ఎవరూ కాల్చలేదు కదా, నాకెందుకు చదవడం రాదు?"

నా దగ్గర జవాబ్ లేదు. నేను ఉర్దూ మీడియంలో చదివాను, డిగ్రీ తెలుగులో చేశాను, రెండు జబాన్‌లతోనూ రోటీ తింటున్నాను. వాణ్ణి ఇంగ్లీషు బడిలో వేసి, ఉర్దూ తర్వాత చూద్దాంలే అన్నది నేనే. వాడు ఇంట్లో దక్కనీ గలగలా మాట్లాడతాడు, అలిఫ్‌కీ లామ్‌కీ ఫరక్ తెలీదు. అబ్బా పోయాక ఆయన ఖత్‌లు సందూక్‌లో పెట్టి తాళం వేసిందీ నేనే. ఏ పాద్రీ రాలేదు, ఏ ఓడా రాలేదు.

మర్నాడు సందూక్ తెరిచాను. పైన ఉన్న ఖత్ నేను హాస్టల్లో ఉన్నప్పటిది. చదివి వినిపించబోతే వాడు కాగితం లాక్కున్నాడు.

"మీరు చదవొద్దు. మొదటి అక్షరం ఏంటో చెప్పండి."