జోనంగి పిల్లలూ ఐదువేల రూపాయలూ

కుక్కపిల్లల్ని అమ్మాలంటే ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని చెబితే మా కనిగిరిలో ఎవరూ నమ్మరు. "లైసెన్సేంది మాస్టారూ, మీరేమన్నా కంపెనీ పెట్టారా?" అని నవ్వుతారు. కానీ నిబంధన ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2017 మే నెలలో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాల మీద నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. రుసుము 5,000 రూపాయలు. ఆ పత్రం చెల్లేది రెండేళ్ళు.

నియమాలు చదివినప్పుడు నాకు కోపం రాలేదు. పద్ధెనిమిది నెలలు నిండని ఆడకుక్కకి పిల్లలు వద్దు. ఎనిమిదేళ్ళు దాటాక వద్దు. జన్మలో ఐదు కాన్పులకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఇందులో కాదనాల్సింది ఏముంది? కుక్కని ప్రేమగా పెంచే ఎవరైనా, ఎవరూ చెప్పకపోయినా చేసేది ఇదే.

చిక్కల్లా లెక్కలో ఉంది. యాభై బోనులున్నవాడూ పెరట్లో ఒక్క కుక్కున్నవాడూ ఆ నియమాలకి ఒక్కటే. కుక్కని పెంచి పిల్లల్ని అమ్మే ఇల్లు కూడా వాటి దృష్టిలో ఒక సంస్థే. ఇంగ్లండులో 2018 నుంచి ఒక పద్ధతుంది. వ్యాపారంగా చేయనంతవరకూ, ఏడాదిలో మూడు కాన్పుల లోపైతే లైసెన్సు అక్కర్లేదు. మనకి అలాంటి గీత లేదు.

మా ఇంట్లో ఉన్నది జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు కాసిన జాతి. పొట్టి వెంట్రుకలు, ముడతల నుదురు. మొరగడం తక్కువ, గుంత తవ్వుకుని అందులో పడుకోవడం ఎక్కువ. బాతుల మేత తగ్గి చేపల చెరువులొచ్చాక దానికి పని పోయింది. కైకలూరు దగ్గర బంధువుల ఇంటినుంచి తెచ్చిన పిల్లకి ఇప్పుడు ఐదేళ్ళు. రెండు కాన్పులైనాయి. మగతోడు కోసం రెండుసార్లూ అంతదూరం తీసుకెళ్ళాను. మొదటిసారి ఆరు పిల్లలు. టీకాలు, పాలు, మాంసం లెక్కేస్తే మిగిలిందేమీ లేదు. ఎవరికిచ్చానో, ఏ తేదీన ఏ టీకా వేయించానో ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను.

ఆ ఆరింటిలో మూడింటిని ఊరికే ఇచ్చాను, మూడింటికి మూడేసి వేలు తీసుకున్నాను. డబ్బిచ్చినవాళ్ళు ఇప్పటికీ ఫోన్ చేసి, "పురుగుల మందు ఎప్పుడెయ్యాలి మాస్టారూ" అని అడుగుతారు. ఊరికే తీసుకున్నవాళ్ళలో ఒకాయన దాన్ని పొలం దగ్గర గొలుసుకి కట్టి మర్చిపోయాడు. వెళ్ళి విప్పుకొచ్చాను. ఊరికే వస్తే విలువుండదు. మరి పెంపకమూ అమ్మకమూ కలిస్తేనే నియమం వర్తిస్తుంది. ఊరికే ఇచ్చినన్నాళ్ళూ నన్ను అడిగేవాళ్ళు లేరు, ఆ మూడువేలు తీసుకుంటే మాత్రం బ్రీడర్నవుతాను.

ఇంకో లెక్క చూడండి. నమోదుకి 5,000. అదే చట్టం ప్రకారం ఒక జంతువుని హింసిస్తే, మొదటి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు! నిజాయితీకి కట్టే డబ్బు క్రూరత్వానికి కట్టే డబ్బుకంటే కనీసం వందరెట్లు ఎక్కువ. ఇక నెల కూడా నిండని లాబ్రడార్ పిల్లల్ని ప్లాస్టిక్ బుట్టల్లో తెచ్చి అమ్మే మనిషికి రూలూ తెలియదు, రుసుమూ తెలియదు. భయపడి మానుకునేది నాలాంటివాడే.

మానుకుంటే పోయేదేముంది అంటారా? మా వైపు నెల్లూరు గొర్రెని చూడండి. పల్ల, జోడిపి, దొర అని రకాలు ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా ఉన్నాయంటే, ఏ పొట్టేలు ఏ తల్లికి పుట్టిందో గుర్తుపెట్టుకున్న గొర్రెలకాపర్ల వల్లే. జోనంగికి అలాంటి మందల్లేవు. అక్కడొకరు, ఇక్కడొకరు సరదాకి పెంచేవాళ్ళే దాని మంద. పైగా ఆరు నెలలు దాటిన కుక్కని లైసెన్సున్న బ్రీడర్‌కి తప్ప ఇంకెవరికి అమ్మినా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. వీధికుక్కలు పెరగకుండా అది మంచి నియమమే. కానీ పేరు నమోదు చేయించుకోని నలుగురి చేతుల్లోనే బతుకుతున్న జాతి అలా అయితే ఎటు పోవాలి?

నమోదు వద్దని నేననను. ఒకటి రెండు కుక్కలున్నవాళ్ళ నమోదు ఊళ్ళోని పశువుల ఆసుపత్రిలోనే, నామమాత్రపు రుసుముతో చేయొచ్చు. కాన్పు కాన్పుకీ డాక్టరు చూసి నా నోటుబుక్కులాంటి దానిలోనే సంతకం పెట్టొచ్చు. అప్పుడు దాక్కోవాల్సిన పని ఎవరికీ ఉండదు.

మా కుక్క మళ్ళీ ఎదకు రాబోతోంది. కైకలూరు మగకుక్కకి తొమ్మిదేళ్ళు, దానికి ఇంకెంతో టైము లేదు. ఈసారికి నేను ఆ ఐదువేలూ కడతాను. పెన్షనుంది కాబట్టి కట్టగలను. మా వీధిలో కూలికి పోయే కుర్రాడొకడు మొదటి కాన్పులో ఆడపిల్లని తీసుకెళ్ళి నాకంటే బాగా సాకుతున్నాడు. వాడు కట్టలేడు.