రంగములో ఒక తాడు

అమెరికానుండి మా చెల్లెలు నవంబరు నాలుగవ గురువారపు కృతజ్ఞతల పండుగ విందు చిత్రమును పంపి, “మీకక్కడ ఇట్టి పండుగ లేదా అన్నయ్యా?” యని అడిగినది. లేకేమి! త్రయస్త్రింశ స్వర్గమున తల్లికి అభిధర్మమును బోధించి బుద్ధుడు భువికి దిగివచ్చిన దినమని బర్మావారు దీపములు వెలిగించు తదింజుట్ పౌర్ణమినాడు, పిన్నలు పెద్దల యెదుట మోకరిల్లి, తెలిసియు తెలియకయు చేసిన తప్పులకు మన్నింపు వేడి, పండ్లో వస్త్రములో సమర్పించి దీవెనలందుట ఇచ్చటి ఆచారము.

మొన్న అక్టోబరులో మేమును నాలుగేండ్ల పాపతో మా మేడ నేలయంతస్తులోని అవ్వగారి యింటికి పోతిమి. మనవారు రంగమని పిలిచిన ఈ రంగూను పాతమేడల వసారాలనుండి వీధికి తాళ్లు వ్రేలాడుచుండును. చివర కాగితముల క్లిప్పు, పైన చిన్నగంట. మా ఆవిడ జ్వరపడిన వారముదినములు, కరెంటు లేక పొయ్యి వెలుగని యుదయములందు, ఆ తాటికి వేడి మొహింగా (చేపపులుసు సేవెలు) పొట్లము కట్టి గంట మ్రోగించినది ఆ అవ్వయే. అయినను, ఒకప్పుడు కోరంగి రేవునుండి ఓడలెక్కివచ్చిన మనవారిని ‘కొరంగీలు’ అని చులకనగా పిలిచిన ఊరిది. 1930 మే నెల అల్లర్లలో తెలుగు రేవుకూలీలు నెత్తురోడిన ఊరును ఇదియే. ఆ సంగతి మా పాపకింకను చెప్పలేదు, తొందరయేమి?

పాప మోకరిల్లబోయి బోర్లపడినది. అవ్వ నవ్వి దీవించి, మేమిచ్చిన ఆరు కమలాఫలములను పుచ్చుకొనినది. మరునాటి యుదయము గంట మ్రోగగా తాడు లాగి చూచితిమి: సంచిలో మూడు కమలాలున్నవి.