పడుగూ పేకా

పెళ్ళయిన కొత్తలో అమ్మ మా ఇంటికొచ్చి, పక్కింటి పిన్నిగారితో కబుర్లాడుతూ, "ఆసు పోసి, కండెలు చుట్టి గానీ పొయ్యి రాజేసేదాన్ని కాదమ్మా" అంది. నాకు తల కొట్టేసినట్లయింది. వంటింట్లోకి పిలిచి, "ఇక్కడ ఆ మగ్గం మాటలెందుకే?" అని కసిరాను. మళ్ళీ నా ఇంట్లో అమ్మ ఆ మాటలెత్తలేదు.

అవి సిగ్గుపడే మాటలు కావని భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంగతి చదివాక గానీ తెలియలేదు. ఒంగోలులో పుట్టి, 1957లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం డాక్టరేటు పుచ్చుకున్న పండితుడాయన. తెలుగు క్రియాధాతువులను అక్కచెల్లెళ్ళ వంటి ఇతర ద్రావిడ భాషలతో పోల్చి 1961లో పుస్తకం వేశారు. 2003లో ద్రావిడ భాషలన్నిటి మీదా ఆయన రాసిన గ్రంథాన్ని కేంబ్రిడ్జి వారు అచ్చువేశారు. అంతటివారు మాండలిక వృత్తిపదకోశం మొదలుపెట్టి, 1962లో రైతుల మాటలూ, 1971లో నేతవారి మాటలూ, ఎక్కడ ఏమంటారో సేకరించి మరీ పుస్తకాలుగా తెచ్చారు! భాష వేళ్ళు గ్రంథాల్లోనే కాదు, పనిచేసే చేతుల దగ్గరా ఉంటాయన్నమాట.

ఆయన 2012లో పోయారు. అమ్మ అంతకు ముందే వెళ్ళిపోయింది. తప్పయిందని చెప్పుకునే వీలు లేకపోయింది. మొన్న నా నోట విని మనవరాలు, "కండె అంటే ఏమిటి అమ్మమ్మా?" అంది. పక్కింటికి వినబడేంత గట్టిగా చెప్పాను.