రాజురా పొలం కాగితాలు

మా రాజురా ఉన్నచోటే ఉంది. జిల్లాలే మారాయి. తాత దున్నిన రోజుల్లో అది నిజాం ఏలుబడిలోని ఆదిలాబాదు జిల్లా. 1956లో బొంబాయి రాష్ట్రంలోకి, నాందేడు జిల్లాకు పోయింది. నాందేడు ఎక్కడ, మేమెక్కడ! వార్ధా నది దాటితే చాందా. 1959లో అందులో కలిపారు. అదే ఇప్పటి చంద్రపూర్. మరుసటేడు రాష్ట్రమే మహారాష్ట్ర అయింది. ఇన్ని మారినా తాత మాత్రం అదే నల్లరేగట్లో పత్తీ, జొన్నా వేస్తూ వచ్చాడు.

కిందటేడు అన్నదమ్ములం పంచుకోవడానికి కూర్చుని ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. నిజాం నాటి శిస్తు రశీదులు ఉర్దూలో ఉన్నాయి. బాపు పేరిట సాత్‌బారా మరాఠీలో ఉంది. తెలుగులో ఉన్నది ఒక్కటే, పత్తి ఏరిన కూలీల లెక్కల పుస్తకం. సర్కారుకు చూపే కాగితం ఏదీ తెలుగులో లేదు. సాత్‌బారా కోసం మాటామాటా పెరిగింది, చెప్పుకోడానికి సిగ్గే. పుస్తకం ఎవరూ అడగలేదు. నేను తెచ్చుకున్నాను.

మా అమ్మాయి చదివింది మరాఠీ బడిలో. తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరం రాదు. తప్పు నాదే. ఓ రాత్రి పుస్తకం నా ముందు పెట్టి చదవమంది. వేలు పెట్టి చదివాను: "పోశవ్వకు మూడు దినాల కూలి బాకి. సంక్రాంతి లోపు ఇయ్యాలె."

"మరి ముత్తాత ఇచ్చిండా బాపూ?"

పేజీ తిప్పాను. తర్వాతి రెండు పేజీలూ చెదలు తినేశాయి.

పోశవ్వ వాళ్ళ ఇల్లు ఎక్కడో పొద్దున్నే కనుక్కోమంది.