పేరు లేనోడి కథ



ఈ సెమిస్టర్ మాకు ఇంగ్లీష్‌లో ఫ్రాంకెన్‌స్టైన్ నవల ఉంది. హాస్టల్ రూంలో నలుగురం ఒకటే పుస్తకం పెట్టుకుని చదివినం. ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఆ రాక్షసుడి పేరే అనుకున్నం ముందు. తీరా చూస్తే అది వాణ్ని తయారు చేసిన స్టూడెంట్ పేరు. శవాల ముక్కలు కూర్చి ప్రాణం పోస్తడు, వాడు కండ్లు తెరవంగనే భయపడి పారిపోతడు. పేరు కూడా పెట్టడు.

సైన్స్ హద్దు మీరడం, దేవుడి పని మనిషి చేయబోవడం అని గైడ్‌లో ఉంటది. పరీక్షకు అది చాలు. మాకైతే అసలు తప్పు ప్రాణం పోసి వదిలేయడం దగ్గరే కనబడ్డది. రాసిన మేరీ షెల్లీకి పుట్టిన కొన్ని రోజులకే తల్లి చనిపోయింది. 1815లో తన మొదటి బిడ్డ చనిపోయింది. 1816లో ఈ నవల మొదలుపెట్టేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు, మాకంటే చిన్నది. 1818లో అచ్చయినప్పుడు పుస్తకం మీద ఆమె పేరు కూడా లేదు.

ఆ పేరు లేనోడు ఒక ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టంలో దాక్కుంటడు. సందులోంచి చూస్తూ ఆ ఇంటోళ్ల మాటలు వింటడు. నిప్పు, పాలు, రొట్టె, కట్టెలు... ఇట్ల మొదలైతది వాని చదువు. తర్వాత ఆ ఇంటి కొడుకు ఫెలిక్స్, సాఫీ అనే అరబ్బు అమ్మాయికి భాష నేర్పుతుంటే వాడూ ఇవతల నుంచి నేర్చుకుంటడు. మాలో ముగ్గురివి గోండి మాట్లాడే ఇండ్లు. ఆశ్రమ పాఠశాలలో వెనక కూర్చుని మేం తెలుగు నేర్చింది అట్లనే. అర్థం కాకున్నా అందరితోపాటు నవ్వేటోళ్లం.

ఆ పాఠాల్లోనే ఒకనాడు అమెరికా సంగతి వస్తది. అక్కడి మొదటి మనుషుల గతి విని సాఫీ ఏడుస్తది, కొట్టంలో వాడూ ఏడుస్తడు. ఒక్కటే వాక్యం. క్లాసులో ఆ పేజీ చెప్పలేదు. మావోడొకడు రాత్రి మళ్లీ చదివి వినిపిస్తే చాలాసేపు ఎవరం మాట్లాడలే.

రాత్రిళ్లు దొంగచాటుగా వాళ్లకు కట్టెలు తెచ్చిపెట్టినోడు చివరికి ధైర్యం చేసి లోపలికి పోతడు. గుడ్డి ముసలాయన మంచిగనే మాట్లాడతడు. ఫెలిక్స్ వచ్చి చూసి కర్రతో కొడతడు.

తర్వాత వాడు చిన్నపిల్లోణ్ని చంపి, జస్టిన్ అనే పనిపిల్ల మీదికి నేరం తోస్తడు. ఆమెను ఉరి తీస్తరు. మా రూంలో గొడవ ఇక్కడే. వాణ్ని అట్ల చేసింది మనుషులే కదా అని ఇద్దరం, జస్టిన్ వానికేం చేసింది, ఆమె కూడా లేనింటి పిల్లే కదా అని ఇద్దరం. ఇంకా తెగలే. చదివినోళ్లుంటే చెప్పండి, మీరెవరి దిక్కు?